తప్పులకు కాపలా

మా బావ తప్పు దిద్దడు. ఇంకొకరిని దిద్దనివ్వడు కూడా. ఆయన గురించి తెలుసుకోవలసింది ఇదొక్కటే. గోడమీద పటం వంకరగా ఉంటే మీరైనా నేనైనా ఏం చేస్తాం? లేచి సరిచేస్తాం. మా బావ ఉన్న గదిలో ఆ పని చేయబోతే గబుక్కున వచ్చి మన చెయ్యి పట్టుకుంటాడు. పట్టుకుని, కొంప అంటుకున్నంత ఆదుర్దాగా అడుగుతాడు: "దాన్ని నమ్ముకుని ఎవరైనా ఉన్నారేమో కనుక్కున్నావా?"

వంకర పటాన్ని నమ్ముకుని ఎవరుంటారండీ? ఉన్నారని తేలింది. పటానికీ గోడకీ మధ్య ఏర్పడిన సందులో ఒక బల్లి కాపురం పెట్టింది. మా అక్క దాన్ని చూసి కుర్చీ ఎక్కింది. బావ మాత్రం కేసు గెలిచిన ప్లీడరులా నావైపు చూశాడు.

నాది కళ్ళద్దాల దుకాణం. మసకను మసకగా వదిలేస్తే నాకు పూట గడవదు. పొద్దున లేచింది మొదలు ఎవరి చూపులో ఎంత తప్పుందో కొలిచి, దాన్ని దిద్ది పంపడమే నా బతుకు. అలాంటివాడికి ఇలాంటి బావ దొరకడం విధి ఆడిన వేళాకోళం కాక మరేమిటి?

ఒకసారి స్నానాలగదిలో కుళాయి కారుతోందని అక్క ప్లంబరును పిలిపించింది. బావ గుమ్మంలోనే అతన్ని అడ్డుకుని, ఆ చుక్కలను నమ్ముకుని ఎవరూ లేరని తేలేదాకా పానా బయటికి తియ్యడానికి వీల్లేదన్నాడు. ప్లంబరు ఎన్నో రకాల కుళాయిలను చూశాడు గానీ ఇలాంటి ఇంటాయనను చూడలేదు. తీరా విచారిస్తే, కింది వాటాలో ఉన్న వయొలిన్ మాస్టారు ఆ చుక్కల చప్పుడుకే తాళం వేసుకుంటూ పిల్లలకు పాఠం చెబుతున్నాడు. కుళాయి బాగుచేస్తే పిల్లల తాళం చెడుతుంది. ప్లంబరు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అక్క ఇంకో బకెట్ కొనుక్కుంది.

ఈ పిచ్చి ఆయనకు పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. ఆ ఉద్యోగం ఏమిటో చెబుతాను, భయపడకండి, నాకు అర్థమైనంతే చెబుతాను. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములు విండోస్ మీదే నడుస్తాయి. అది లేకుండా, ఉచితంగా దొరికే మరో వ్యవస్థ పెట్టుకున్నవాళ్ళకు కూడా అవి నడవాలని లోకంలో కొంతమంది కలిసి ఒక సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు. ప్రోగ్రాము పాత అలవాటు కొద్దీ విండోస్‌ను ఏదో అడుగుతుంది. ఈ సాఫ్ట్‌వేర్ మధ్యలో నిలబడి, విండోస్ ఏం జవాబిచ్చేదో సరిగ్గా అదే జవాబిస్తుంది. తను వేరే ఇంటికి వచ్చానన్న అనుమానం ఆ ప్రోగ్రాముకు కలలో కూడా రాకూడదు.

తిరకాసంతా ఇక్కడే ఉంది. ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కైనా కొన్ని వంకరలుంటాయి. ఆ వంకరలకు అలవాటుపడి, వాటి చుట్టూ ఒదిగి బతికే ప్రోగ్రాములుంటాయి. వాటికి తిన్నటి జవాబిస్తే తడబడి బోర్లాపడతాయి. అందుకని వంకర జవాబునే, అదే వంకరతో, పొల్లు పోకుండా ఇవ్వాలి. మా బావ ఇన్నేళ్ళుగా చేస్తున్నది ఈ పనే. మంచి సాఫ్ట్‌వేర్ చేత తప్పు చేయించి జీతం తీసుకునే మనిషిని నేను ఈయన్నే చూశాను.

ఒకసారి ఆయన ఆఫీసుకు వెళ్ళాను. లాండ్రీ పైన ఒక హాలు అది. ఇస్త్రీ ఆవిరి కిటికీలోంచి లోపలికి వస్తూ ఉంటుంది. నేను వెళ్ళేసరికి అందరూ ఒకే కంప్యూటరు చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. తెరమీద ఏదో లెక్కల ప్రోగ్రాము ఒక్క క్షణం వణికి, ఠపీమని మూసుకుపోయింది. అయ్యో పాపం అనబోయాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"అదేమిటి బావా, కూలిపోయింది కదా" అన్నాను.

"సరిగ్గా కూలిపోయింది" అన్నాడు బావ గర్వంగా. "ఇన్నాళ్ళూ అడ్డదిడ్డంగా కూలేది."

ఇంతలో ఫోను మోగింది. ఎవరో తన ప్రోగ్రాములో ప్రింటు మీట నొక్కగానే అంతా బిగుసుకుపోతోందని మొత్తుకుంటున్నాడు. విండోస్‌లో కూడా అలాగే బిగుసుకుపోయేదా అని బావ అడిగాడు. అవునన్నాడు అవతలివాడు. "అయితే మావైపు అంతా క్షేమం" అని బావ ఫోను పెట్టేశాడు.

ఈ పనివాళ్ళకు ఇంకో కట్టుబాటుంది. విండోస్ లోపల ఎలా రాశారో తొంగిచూడకూడదు. బయటే నిలబడి ప్రశ్న వెయ్యాలి, వచ్చిన జవాబు రాసుకోవాలి, అలాంటి జవాబే ఇచ్చేలా తమది తయారుచేసుకోవాలి. మా బావ కాపురం కూడా ఈ పద్ధతిలోనే చేశాడు. ఒకసారి అక్కకు కోపం వచ్చింది. ఇంకెవరైనా అయితే ఎందుకు కోపమని అడుగుతారు. ఈయన పరీక్షలు మొదలుపెట్టాడు. కాఫీ కప్పు బల్లమీద కుడివైపు పెట్టి చూశాడు, అక్క మాట్లాడలేదు. ఎడమవైపు పెట్టి చూశాడు, మాట్లాడలేదు. కప్పు లేకుండా ఉత్త సాసరు పెట్టి చూశాడు. మాట్లాడింది గానీ, అది రాసుకోదగిన మాట కాదు.

"ఎందుకు కోపమో నోరు తెరిచి అడగొచ్చు కదా బావా" అన్నాను, చూడలేక.

"అడిగితే లోపలికి తొంగిచూసినట్టవుతుంది బామ్మర్దీ" అన్నాడు.

సాయంత్రానికి అక్కే నవ్వేసింది. పరీక్ష నెగ్గిందని ఆయన అనుకున్నాడు. ఇలాంటి మనిషితో ఎలా వేగుతున్నావని అక్కను అడిగితే, తను వండే పులుసులో ఎప్పుడూ కాస్త ఉప్పు తక్కువవుతుందనీ, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఒక్కనాడు కూడా ఆ మాట అనలేదనీ చెప్పింది. నేను దాన్ని మంచితనం కింద జమ కట్టలేదు. వెర్రి కిందే కట్టాను.

ఇక మా మేనత్త సంగతికి వస్తాను. ఈ కథ ఆవిడది.

అత్తయ్య బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడినుంచి బయలుదేరుతుందో చెప్పే ఉద్యోగం చేసింది. ఆ గొంతుకు నిద్రపోతున్న డ్రైవర్లు కూడా లేచి స్టీరింగు పట్టుకునేవారు. రిటైరయ్యాక గొంతుకు ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది, మాట పోయింది. అక్కా బావా తమ ఇంటికి తెచ్చుకుని, ఒక పాత కంప్యూటరూ, అందులో ఒక పాత ప్రోగ్రామూ పెట్టి ఇచ్చారు. టైపు చేసి మీట నొక్కితే ఒక ఆడగొంతు దాన్ని చదివి వినిపిస్తుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దానికొక జబ్బుంది. ఏ వాక్యమైనా సరే, ఆఖరిమాట రెండుసార్లు పలుకుతుంది.

"తలుపు వెయ్యి వెయ్యి" అనేది అత్తయ్య. "కాఫీలో పంచదార చాల్లేదు చాల్లేదు" అనేది. మొదట్లో చాటుకు వెళ్ళి నవ్వుకునేవాళ్ళం. రానురాను చిత్రం జరిగింది. మైకు ముందు కూర్చున్న రోజుల్లో అత్తయ్యది కటువైన నోరు. గీత దాటి నిలబడ్డ ప్రయాణికులను కడిగి ఆరేసేది. అలాంటి మనిషి ఇప్పుడు వచ్చినవాళ్ళను "రండి రండి" అంటోంది, "కూర్చోండి కూర్చోండి" అంటోంది, "తినండి తినండి" అని బలవంతపెడుతోంది. గొంతు పోయాక ఆవిడకు మంచితనం వచ్చిందని వీధంతా చెప్పుకున్నారు. వడ్డించబోతే "వద్దు" అని టైపు చేసేది, అది "వద్దు వద్దు" అనేది. మనలో వద్దు వద్దంటే ఇంకొంచెం వెయ్యమనే కదా అర్థం. అత్తయ్య ఒళ్ళు కూడా చేసింది.

అత్తయ్యకొక స్నేహితురాలుంది. అదే బస్‌స్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునేది. ఇప్పుడు వేరే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటోంది. ఆవిడ చూపు నా అద్దాలకు లొంగనంతగా పోయింది. రోజూ పొద్దున్నే ఫోను. ఒకరికి గొంతు లేదు, ఒకరికి చూపు లేదు, ఇద్దరూ కలిసి చెప్పుకోని చాడీ లేదు. ఆ ఫోను అయ్యాకే అత్తయ్యకు తెల్లవారినట్టు.

ఇలా ఉండగా ఆ పాత కంప్యూటరు కాలం చేసింది. వాక్యం పూర్తిచేసే పోయింది పాపం. "ఏదో కాలిన వాసన వస్తోంది వస్తోంది" అంది, అంతే, పొగ.

కొత్త కంప్యూటరు వచ్చింది గానీ దానిమీద ఆ పాత ప్రోగ్రాము నడవనంది. అప్పుడు బావ రంగంలోకి దిగాడు. ఉచిత వ్యవస్థ ఎక్కించాడు, దానిమీద తమ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు, దానిమీద అత్తయ్య ప్రోగ్రాము ఎక్కించాడు. నడిచింది. అందరం చుట్టూ చేరాం. అత్తయ్య చేతులు తుడుచుకుని, "అందరూ భోజనానికి రండి" అని టైపు చేసి మీట నొక్కింది.

"అందరూ భోజనానికి రండి" అంది గొంతు.

రెండో "రండి" కోసం ఎదురుచూశాం. రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. జబ్బు కుదిరిందని చప్పట్లు కూడా కొట్టాను. అత్తయ్య నావైపు చూసి "బాగుంది" అని టైపు చేసింది. ఆ "బాగుంది" ఒంటరిగా వచ్చి, మొహం మీద తలుపు వేసినట్టు పడింది. బావ మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. "తప్పు పోయింది" అన్నాడు, ఎవరో పోయారని చెబుతున్నట్టు.

మరుసటి రోజునుంచీ ఇల్లు తలకిందులైంది. పక్కింటావిడ వస్తే "కూర్చో" అంది అత్తయ్య. ఆవిడ ఏం తప్పు చేశానా అని తలుచుకుంటూ నిలబడే వెళ్ళిపోయింది. అక్కతో "తిను" అంది. అక్క వంటింట్లోకి వెళ్ళి కళ్ళు ఒత్తుకుని, అత్తయ్యకు తనమీద ఎందుకు కోపమని నన్నడిగింది. అత్తయ్యకు ఎవరిమీదా కోపం లేదు. ఎప్పటి మాటలే టైపు చేస్తోంది. ఒక్కసారి పలికేసరికి ప్రతి మాటా ఉత్తరువైపోతోంది.

పొద్దున ఫోను సంగతి మరీ ఘోరం.

"ఎవరమ్మా నువ్వు?" అంది స్నేహితురాలు, రెండు వాక్యాలు వినగానే.

"నేనే" అంది అత్తయ్య గొంతు.

"అది ఎప్పుడూ ఒక్కసారి నేనే అనదు. దాన్ని పిలువు."

"నిజంగా నేనే."

"దానికేమైంది? నా దగ్గర దాచకండి. నాకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయి."

ఫోను పెట్టేసింది. నేను మళ్ళీ చేసి, అత్తయ్య క్షేమంగా ఉందని ప్రమాణం చేయబోయాను. "నువ్వు అద్దాలు అమ్మేవాడివి కదూ, ఏది పెట్టుకున్నా బాగుందనే అంటావు" అని నా నోరు మూయించింది. ఆ మధ్యాహ్నానికి కబురు పాత బస్‌స్టాండు వాళ్ళందరికీ చేరిపోయింది. రిటైరైన డ్రైవర్లూ కండక్టర్లూ పూలు పట్టుకుని, దిగాలు మొహాలతో గుమ్మంలోకి వచ్చారు. తలుపు తీసింది అత్తయ్యే. ముందున్న కండక్టరు పూలను వీపు వెనక్కి దాచుకున్నాడు. అత్తయ్య లోపలికి వెళ్ళి, "లోపలికి రండి" అని టైపు చేసింది. ఆ స్వరానికి ఒక్కరూ కదల్లేదు. మనిషి తిరుగుతోంది గానీ గొంతు ఆవిడది కాదని మెట్లమీద నిలబడి గుసగుసలాడుకున్నారు. బతికుండగానే రికార్డు చేయించి పెట్టుకుందని ఒక డ్రైవరు తేల్చాడు. పూలు గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత అత్తయ్య కంప్యూటరు ముందు కూర్చోవడం మానేసింది. స్నేహితురాలు ఫోను ఎత్తడం మానేసింది. స్వయంగా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుందువు పదమంటే, ఆ గొంతుతో రానని తల అడ్డంగా ఊపింది. ఆపరేషన్‌లో గొంతు పోయినప్పుడు అత్తయ్య ఏడవలేదు. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. అయినా బుద్ధి పోనిచ్చుకోక, ఇప్పుడున్నదే సరైన గొంతని నచ్చజెప్పబోయాను. బావ నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు.

"ఆ ప్రోగ్రాముకు ఓపిక తక్కువ" అన్నాడు. "మాట పలికించి, అయిందా అని అడుగుతుంది. వెంటనే జవాబు రాకపోతే అవలేదేమోనని ఆఖరిమాట మళ్ళీ పలికిస్తుంది. పాత విండోస్ నింపాదిగా, ఒక గుటక వేసి అయిందనేది. మాది టక్కున అనేస్తోంది."

"అయితే మీదే మేలు కదా బావా."

"మేలు ఎవడిక్కావాలి? పోలిక కావాలి."

అత్తయ్య కంప్యూటరు వరకు దాన్ని నిదానం చెయ్యడం ఆయనకు చిటికెలో పని. చేస్తానన్నాడు కూడా. కానీ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ మార్పు చెరిగిపోతుంది, మళ్ళీ చెయ్యాలి. అది విని అత్తయ్య, చేతికందిన కాగితం మీద రాసి చూపించింది: "మళ్ళీ పోయే గొంతు నాకొద్దు." ఒక్కసారే పోగొట్టుకున్నవాళ్ళకైతే ఆ మాట అర్థం కాదేమో. బావకు అర్థమైంది. ఇక మార్పు అసలు సాఫ్ట్‌వేర్‌లోనే, అందరికీ వెళ్ళేదాంట్లోనే పడాలి.

అక్కడ ఇద్దరు అడ్డం ఉన్నారు. ఒకరు ఆఫీసులో పరీక్షలు చేసే అమ్మాయి. ఎవరేం రాసినా దాన్ని పరీక్షించి తప్పులు పట్టడం ఆమె పని. మెట్లు రెండేసి ఎక్కే మనిషి, నిదానం అంటే ఒంటికి పడదు. ఆ జవాబును టక్కున ఇచ్చేలా చేసింది ఆమే. రెండోవారు దూరదేశంలో ఉండే పెద్దాయన. ఏ మార్పు లోపలికి వెళ్ళాలన్నా ఆఖరిమాట ఆయనది.

"నేను చమటోడ్చి చురుకు తెప్పిస్తే మీరు దాన్ని నీరసపెడతారా?" అంది అమ్మాయి. నేను మనసులో ఆమెకే ఓటేశాను.

పెద్దాయన ఉత్తరం ఇంకా ఘాటుగా ఉంది. పాతది నిజంగా నిదానించేదని రుజువు చూపించమన్నాడు. చివర ఒక ప్రశ్న వేశాడు: మీ ఇంటి పెద్దావిడ కాక, ఈ నిదానాన్ని నమ్ముకుని ఇంకెవరైనా ఉన్నారా? ఇన్నేళ్ళు ఊరందరినీ అడిగిన ప్రశ్న తన గుమ్మంలోకే వచ్చి కూర్చుంటే బావ తెల్లమొహం వేశాడు. ఉన్నారని చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఉంటారని నమ్మకం, అంతే. రుజువు చూపిస్తాను, నమ్మకాన్ని మాత్రం మీరే భరించాలి అని జవాబు రాశాడు.

రుజువుకు పాత విండోస్ ఉన్న ఆ కాలపు కంప్యూటరు కావాలి. అత్తయ్యది బూడిదైంది. ఆఫీసులో ఉన్నవన్నీ కొత్తవి. ఊరంతా గాలించి చివరికి బావ నా దుకాణానికి వచ్చాడు. అద్దాలు అరగదీసే యంత్రానికి తగిలించిన నా పాత డొక్కు ఆ ఈడుదే. దాన్ని పారేస్తానన్నప్పుడల్లా ఆయన అడ్డుపడి, దాన్ని నమ్ముకుని ఎవరైనా ఉన్నారేమో కనుక్కోమనేవాడు. నమ్ముకున్నవాణ్ణి నేనేననీ, నేనే పారేయాలనుకుంటున్నాననీ చెప్పినా వినేవాడు కాదు.

బావా, పరీక్షలమ్మాయీ పట్టపగలు, బేరాల వేళ, నా దుకాణంలో మకాం పెట్టారు. పేరుకు పరీక్ష, చూడబోతే తిరునాళ్ళు. అమ్మాయి అత్తయ్య ప్రోగ్రామును నా డొక్కులో ఎక్కించి, మొదట "కూర్చోండి" అని టైపు చేసింది. "కూర్చోండి కూర్చోండి" అంది నా డొక్కు. వరసలో నిలబడ్డ బేరాలన్నీ కూర్చున్నాయి. కుర్చీలు దొరకనివాళ్ళు నేలమీద కూర్చున్నారు. ఆమె నమ్మలేదు. "లేవండి" అని కొట్టింది. అందరూ లేచారు. అక్షరాలు చదువుతున్న ముసలాయన ఒకాయన, చూపు పరీక్షలో ఇది కూడా భాగమేననుకుని, కూర్చుని లేచి, మళ్ళీ కూర్చుని, ఇంకెంతసేపు బాబూ అని నన్నడిగాడు.

ఆమె గడియారం పెట్టి ఆ గుటక ఎంత పొడవో కొలిచింది. పెద్ద వాక్యంతో కొలిచింది, చిన్న వాక్యంతో కొలిచింది. ప్రతిసారీ అదే నిదానం. ఆఖరికి ఉక్రోషం వచ్చి "ఇది తప్పు" అని కొట్టింది.

"ఇది తప్పు తప్పు" అంది డొక్కు, బుజ్జగిస్తున్నట్టు.

అమ్మాయికి నవ్వాగలేదు. నేలమీద కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆమె తను తెప్పించిన చురుకును అక్కడే, నా బల్లమీదే, తన చేతులతోనే నిదానం చేసింది. రుజువు పెద్దాయనకు పంపారు. సరేనని ఒక్క ముక్క వచ్చింది.

అప్‌డేట్ వచ్చిన రోజు పొద్దున్నే నేను దుకాణం తెరవకుండా అక్క ఇంటికి వెళ్ళాను. అత్తయ్య నెంబరని తెలిస్తే స్నేహితురాలు ఎత్తదని బావ తన ఫోనులో చేశాడు. ఎవరని అడిగింది ఆవిడ. అత్తయ్య టైపు చేసి మీట నొక్కింది.

"నేనే నేనే."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే?"

"ఇక్కడే ఇక్కడే."

"అదెవత్తో నీ గొంతు పెట్టుకుని నాతో మాట్లాడింది, తెలుసా? నేను ఒక్క చెవితో పట్టేశాను."

"నీ దగ్గర ఎవరి ఆటలు సాగుతాయి సాగుతాయి" అంది అత్తయ్య.

ఆ పూట వాళ్ళిద్దరూ నన్ను కూడా వదలకుండా లోకాన్నంతా చాకిరేవు పెట్టారు. అక్క నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. నేను బావను వరండాలోకి పిలిచి, ఎంత ఉక్రోషమున్నా ఉన్నమాట ఒప్పుకున్నాను. ఇన్నాళ్ళూ నీది చాదస్తమనుకున్నాను బావా అన్నాను.

"తప్పు చేసినవాడు ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు బామ్మర్దీ" అన్నాడు. "దానికి సర్దుకుని బతికేవాళ్ళు ఉంటారే, వాళ్ళ ఊసే ఎవరూ ఎత్తరు. నాకు వాళ్ళ బెంగ."

"మరి పెద్దాయన అడిగిందానికి జవాబేదీ? అత్తయ్య కాక ఇంకెవరున్నారు?"

"ఉంటారు" అన్నాడు. గొంతులో మునుపటి ధీమా లేదు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నాం. పరీక్షలమ్మాయి కూడా వచ్చింది. అత్తయ్య ఆమెను "వేసుకో వేసుకో" అంటూ ఊపిరాడనివ్వలేదు. ఇంతలో బావ ఫోను మోగింది. చేతులు ఎంగిలిగా ఉన్నాయని ఆయన మోచేత్తో నొక్కి, అందరికీ వినిపించేలా పెట్టాడు.

"నమస్కారం నమస్కారం" అంది ఫోను.

అందరం అత్తయ్యవైపు చూశాం. అదే గొంతు, అక్షరం తేడా లేదు. అత్తయ్య నోట్లో ముద్ద ఉంది. చేతులు పళ్ళెంలో ఉన్నాయి. కంప్యూటరు పక్క గదిలో ఉంది.

"నేనొక వడ్రంగిని వడ్రంగిని" అంది ఆ ఆడగొంతు. "గొంతు పోయింది, ఈ ప్రోగ్రాముతో మాట్లాడుతుంటాను మాట్లాడుతుంటాను. మీరు చేసిన మార్పు కింద మీ పేరూ నెంబరూ చూశాను చూశాను."

బావ ముద్ద కింద పెట్టేశాడు.

"మావాడు కంప్యూటరు మార్చిన దగ్గర్నుంచీ నేను ఏమన్నా కసిరినట్టే ఉండేది ఉండేది. మా మనవరాలు నా ఒళ్ళోకి రావడం మానేసింది మానేసింది. నాకేమీ కోపం లేదని చెప్పాను, అది కూడా కసిరినట్టే వినిపించింది వినిపించింది." అవతల టకటక టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది. "మొన్న అప్‌డేట్ వచ్చింది వచ్చింది. రామ్మా అన్నాను, వచ్చి కూర్చుంది కూర్చుంది."

పరీక్షలమ్మాయి తల వంచుకుని పళ్ళెంలోకి చూస్తోంది. పేరుకు తప్పులు దిద్దేవాణ్ణి నేను కూడా ఉన్నాను కదా, నా కళ్ళద్దాలు మసకబారితే తుడుచుకోవలసి వచ్చింది. ఇంట్లో మాట్లాడగలిగే మనుషులందరికీ మాట పోయింది.

అప్పుడు మాట్లాడింది అత్తయ్యే. చెయ్యి కడుక్కుని, కంప్యూటరు ఎత్తుకొచ్చి, ఎంగిలి పళ్ళేలు పక్కకు నెట్టి బల్లమీద పెట్టింది.

"మీ మనవరాలు భోంచేసిందా భోంచేసిందా?"

పాపం, తన గొంతు తననే పలకరిస్తే ఎవరికైనా బిత్తరగా ఉంటుంది.

"చేసింది చేసింది" అన్నాడు వడ్రంగి. "తమరెవరు తమరెవరు?"

"నేను కూడా మీలాగే మీలాగే."

అక్కడినుంచి ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడుకున్నారు. ఎవరు ఏది అంటున్నారో మాకు కాసేపటికి అంతు చిక్కలేదు. వాళ్ళకు మాత్రం ఇబ్బంది ఉన్నట్టు లేదు. చివరికి వడ్రంగి, ఉంటాను ఉంటాను అన్నాడు. మంచిది మంచిది అంది అత్తయ్య. మళ్ళీ చేస్తాను చేస్తాను అన్నాడు ఆయన. చెయ్యండి చెయ్యండి అంది ఈవిడ. ఇద్దరిలో ఎవరికీ ఫోను పెట్టేద్దామన్న తలంపు రాలేదు. వడ్డించినవన్నీ చల్లారిపోయాయి. వేడి చేసి తెస్తానని అక్క లేవబోతే, బావ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, చల్లారిన భోజనమే నవ్వుకుంటూ తిన్నాడు.